నైరుతి మూల గొయ్యి

తెనాలి,
జులై 12, 2025.

అత్తా,

నమస్కారం. ఈ ఉత్తరం మీ ఇంటికి కాకుండా పక్కింటి ఏంజెల్ టీచరుగారి ఇంటికి ఎందుకు వచ్చిందా అని కంగారు పడకు. నాన్న చేతిలో పడకూడదనే అలా పంపాను. ఫోనులో చెబుదామంటే నీకు వినపడదు. వాట్సాప్‌లో పెడదామంటే నీ ఫోను ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రేపల్లె వాళ్ళందరి మాటలూ విని విని అరగదీసుకున్నావు చెవులు. కళ్ళు మాత్రం ఇంకా చురుగ్గా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. చదివాక చింపెయ్యి.

నిన్న బాపట్ల వెళ్ళాను. శ్యాంప్రసాద్ వర్క్‌షాపుకి.

తిట్టడానికి తొందరపడకు, పూర్తిగా చదువు. నా పని నీకు తెలుసుగా. కొల్లిపరలో రైసుమిల్లు ఫ్యాను ఊగుతోందన్నా, అంగలకుదురులో కోల్డ్ స్టోరేజీ కంప్రెసరు దడదడలాడుతోందన్నా సెన్సర్లు పట్టుకుని వెళ్ళి, ఆ వణుకు ఎక్కణ్ణుంచి పుడుతోందో తేల్చి చెప్పడం. పోయిన వారం బెంగళూరు నుంచి ఒక కంపెనీవాళ్ళు ఫోను చేశారు. ఉపగ్రహాల్లో అద్దాలు బిగించే బ్రాకెట్లు బాపట్లలో చేయిస్తున్నారట. మూడు నాలుగేళ్ళుగా సరుకులో కొంత పోతూనే ఉందట, ఈ మధ్య వస్తున్నదంతా పరీక్షలో పోతోందట. మిషను దగ్గర ఏదో వణుకు ఉన్నట్టుంది, చూసి రిపోర్టు ఇవ్వమన్నారు. అడ్రసు చదివాక కూడా ఒప్పుకున్నాను. తెలిసే ఒప్పుకున్నాను.

షెడ్డు గుమ్మంలో నన్ను చూడగానే, "ఏంటమ్మా, నువ్వా! మన నరసింహం కూతురివి కదూ! చిన్నప్పుడు ఈ మిషన్ల మధ్యే ఆడుకునేదానివి" అంటూ కాఫీ తెప్పించాడు. ఒకప్పుడు ఈయన్ని బాబాయ్ అని పిలిచిన నోరే ఇది. నిన్న ఆ నోటితో సార్ అన్నాను. కాఫీ సగం తాగానో లేదో, పనివాళ్ళందరూ వింటుండగా అడిగాడు: "నాన్నకి చెయ్యి ఎలా ఉందమ్మా? వణుకు తగ్గిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ కలిసి పెట్టిన షెడ్డు అది. గ్రైండింగు మిషను ముందు కూర్చుని చివరి మెరుగు పెట్టేది నాన్న. నాలుగేళ్ళ కిందట ఒక బ్యాచి బ్రాకెట్లన్నిటి మీదా సన్నటి అలల్లా గీతలు పడి, పరీక్షలో బ్రాకెట్టు చిట్లితే, అదే షెడ్డులో, అదే పనివాళ్ళ ముందు, "మా నరసింహం చెయ్యి వణుకుతోందండి, వయసైపోయింది" అని కంపెనీవాళ్ళకి చెప్పి, మర్నాటికల్లా గేటుకి కొత్త తాళం వేయించాడు. అప్పట్నుంచి నాన్న ఒక స్క్రూడ్రైవరు కూడా పట్టుకోలేదు. ఇప్పుడు అదే నోటితో కుశలం అడుగుతున్నాడు.

ఈ కంపెనీ పని ఒక్కటే అతనికి మిగిలిన ఆధారం. ఇంకొక్క బ్యాచి పోతే అదీ పోతుంది. అది పోవాలా, నిలవాలా అన్నది నా సెన్సర్ల చేతిలో ఉంది. దేవుడున్నాడని మొదటిసారి గట్టిగా అనిపించింది. అతన్ని ముంచేస్తాను అత్తా.

ప్రత్యూష


రేపల్లె,
జులై 19.

ప్రత్యూషా,

నీ ఉత్తరం చింపలేదు. పప్పు డబ్బా అడుగున దాచాను. మీ నాన్న వంటింట్లోకి వచ్చినా కాఫీ గ్లాసు దాకానే వస్తాడు.

ఎంత ధైర్యమే నీకు! ఆ గడప తొక్కడానికి కాళ్ళెలా వచ్చాయి? వాడి కాఫీ తాగడానికి గొంతెలా దిగింది? ఈ ఇంట్లో వాడి పేరు ఎత్తకూడదని నేను పెట్టిన నిషేధం నీకు తెలియదా? వాడి మొహం చూడాల్సిన అవసరం మనకి లేదు. ఇంకోసారి వెళ్ళకు. బెంగళూరు వాళ్ళకి వేరే ఎవర్నయినా చూసుకోమని చెప్పు.

ఇంతకీ షెడ్డు ఎలా ఉంది? వాడి జుట్టు నెరిసిందా? పనివాళ్ళలో పాతవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాడు చెయ్యి గురించి అడిగినప్పుడు వాళ్ళ మొహాలు ఎలా పెట్టారు? అసలు రాయాల్సినవి రాయకుండా అన్నీ మింగేశావు.

చెయ్యి సంగతంటే నేను చెబుతాను విను. మీ నాన్న కాఫీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంటాడు. గడ్డం తనే గీసుకునేవాడు, ఇప్పుడు స్టేషను దగ్గర సెలూనుకి వెళ్తున్నాడు. బ్యాంకులో సంతకం పెట్టాలంటే ముందు ఒక కాగితం మీద నాలుగు సార్లు పెట్టి చూసుకుంటాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. డాక్టరు మాట నమ్మడు, ఆ శ్యాంగాడి మాట నమ్మాడు.

మొన్నేమైందో తెలుసా? నేను జాకెట్టుకి హుక్కు కుట్టుకుందామని, కళ్ళజోడు కనపడక, సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడుతున్నాను. తను టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. చూపు టీవీ మీదనుంచి ఇలా తిప్పి, సూది నా చేతిలోంచి లాక్కుని, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చేశాడు. ఇచ్చాక తన చెయ్యి తనే చూసుకుని, గబుక్కున పంచెలో దాచుకున్నాడు. నేను చూడనట్టు హుక్కు కుట్టుకుంటూ కూర్చున్నాను.

వెళ్ళకు అన్నాను కదా. వెళ్తే మాత్రం అన్నీ వివరంగా రాయి.

మీ అత్త
కుసుమకుమారి


బాపట్ల,
ఆగస్టు 3.

అత్తా,

వెళ్ళొద్దంటూనే ఎలా వెళ్ళాలో చెప్పావు. బాపట్ల బస్టాండు దగ్గర లాడ్జీలో కూర్చుని రాస్తున్నాను. జుట్టు నెరిసింది, రంగు వేస్తున్నాడు. పాతవాళ్ళలో పేరయ్య ఒక్కడే ఉన్నాడు. చెయ్యి మాట వచ్చినప్పుడు తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇక అసలు సంగతికి వస్తాను.

షెడ్డుకి ఆనుకునే రైలు పట్టాలున్నాయని తెలుసుగా. గూడ్సు పోతే గచ్చంతా అదురుతుంది. అంత నాజూకు మిషను ఆ గచ్చు మీద పెడితే పని చెడిపోతుందని, నాన్న మొదట్లోనే ఒక ఏర్పాటు చేశాడు. మిషను కింద పెద్ద కాంక్రీటు దిమ్మ పోయించి, దాని చుట్టూ అడుగు వెడల్పు ఖాళీ సందు వదిలాడు. దిమ్మ ఎక్కడా గచ్చుకి తగలదు. నేల ఎంత అదిరినా ఆ సందు దాటి మిషను దాకా రాదు. ఎవరూ కాలు జారి పడకుండా సందు మీద ఇనప రేకులు కప్పి, పైన కొబ్బరిపీచు పట్టా పరిచాడు.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక ఆట ఆడించేవాడు. గ్లాసులో నీళ్ళు పోసి గచ్చు మీద పెట్టేవాడు. రైలొస్తే నీళ్ళ మీద వలయాలు లేచేవి. అదే గ్లాసు మిషను మీద పెడితే రైలు పోతున్నా నీళ్ళు అద్దంలా ఉండేవి. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఈ శ్యాం బాబాయ్ కూడా కొట్టేవాడు.

నిన్న సెన్సరు ఒకటి గచ్చు మీద, ఒకటి మిషను మీద అంటించాను. చెన్నై వైపు గూడ్సు వచ్చింది. లాప్‌టాప్‌లో రెండు గీతలూ ఒకేసారి లేచాయి, ఒకేసారి పడ్డాయి. నమ్మలేక, అందరూ భోజనాలకి వెళ్ళాక ఒక గ్లాసు నీళ్ళు మిషను మీద పెట్టి ఇంకో రైలు కోసం నిలబడ్డాను. నీళ్ళు గజగజ వణికాయి. ఆ సందులో ఏదో అడ్డం పడింది అత్తా. దిమ్మకీ గచ్చుకీ మధ్య ఏదో వంతెన కట్టేసింది. అక్కడ జబ్బు పెట్టుకుని బ్రాకెట్లకి మందు వేస్తున్నారు.

అతను వచ్చి, "ఏమైనా తెలిసిందామ్మా?" అని అడిగాడు. ఒక్క మాటతో తేలిపోయేది. నేనేమన్నానో తెలుసా? "స్పిండిల్ బేరింగుల మీద అనుమానంగా ఉందండి, మార్చి చూడండి" అన్నాను. పాపం, అప్పటికప్పుడు చెన్నైకి ఫోను చేసి మెకానిక్కులని రమ్మన్నాడు. మిషనంతా విప్పుతున్నారు. విప్పి, బిగించి, మళ్ళీ చూస్తే అదే వణుకు. అప్పుడు ఇంకోటి చెబుతాను. తర్వాత ఇంకోటి. నెల తిరిగేసరికి కంపెనీవాళ్ళే విసిగి వెళ్ళిపోతారు.

లాడ్జీకి వచ్చి మంచం మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వాను. నన్ను తప్పుపడతావేమో, పట్టు. నాకు మాత్రం హాయిగా ఉంది.

ప్రత్యూష


రేపల్లె,
ఆగస్టు 10.

ప్రత్యూషా,

తప్పు పట్టడమా! నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. వాడు మిషను విప్పుకుంటూ చెమటలు కక్కుతుంటే చూడాలని ఉందే. ఏంజెల్ టీచరు, "ఏంటి కుసుమా, ఈ మధ్య మొహం వెలిగిపోతోంది" అంది. చర్చికి వెళ్ళే మనిషి కదా, పగలూ ప్రతీకారాలూ ఆవిడకి నచ్చవు. నాకు మనవడు పుట్టినంత సంతోషంగా ఉందని చెప్పాను. నాకు పిల్లలే లేరని ఆవిడకి తెలుసు పాపం.

కానీ నువ్వు సందు మాట రాశాక నాకు ఒకటి గుర్తొచ్చింది. ఆ పాడు రోజుల్లో, బ్రాకెట్లలో అలలు పడుతున్నాయని మొదట తెలిసినప్పుడు, మీ నాన్న ఇక్కణ్ణుంచే శ్యాంగాడికి ఫోను చేశాడు. అప్పటికి నాకు చెవులు కాస్త పనిచేస్తున్నాయి, పక్కనే ఉన్నాను. "శ్యాం, నేను లేనప్పుడు గచ్చు దగ్గర గానీ, దిమ్మ దగ్గర గానీ ఏమైనా మార్చారా?" అని అడిగాడు. అవతల వాడేమన్నాడో ఫోను పెట్టేశాక నాకు చెప్పాడు. "ఏమీ ముట్టుకోలేదు, అమ్మతోడు అంటున్నాడక్కా. అయితే తప్పు నా చేతిలోనే ఉంది" అన్నాడు. రేకులు ఎత్తి తన కళ్ళతో చూసుకుందామని మర్నాడు వెళ్తే గేటుకి కొత్త తాళం ఉంది.

అమ్మతోడు అన్నవాడి మాట మీద మీ నాన్న తన చేతిని తానే అనుమానించాడు. ఇప్పుడు నువ్వేమో సందులో ఏదో అడ్డం పడిందంటున్నావు. రాయి పడిందో, ఎలుకలు మట్టి తోడాయో, ఇంకేమిటో తెలియాలి. బేరింగులు, గీరింగులు తర్వాత. ముందు ఆ రేకులు ఎత్తి చూడు.

మీ అత్త


బాపట్ల,
ఆగస్టు 29.

అత్తా,

ఎత్తాను. మనుషులు ఇలా కూడా ఉంటారా అని ఇంకా నమ్మకం కుదరడం లేదు.

పేరయ్య సాయం పట్టాడు. పట్టా చుట్టేసి మొదటి రేకు జరిపేసరికి సందు లేదు. సందు ఉండాల్సిన చోట సిమెంటు. ఎలుకలూ కాదు, రాయీ కాదు. గచ్చు నుంచి దిమ్మ దాకా నిండుగా కాంక్రీటు పోసి, నున్నగా చదును చేసి ఉంది, పైన పసుపు కుంకుమ పెట్టిన మరకలు. నాలుగు వైపులా అంతే. నైరుతి మూల రేకు ఎత్తితే, పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరాలు కనిపించాయి. చాలా శ్రద్ధగా రాశాడు. "శ్యాంప్రసాద్, 15-10-2021."

శ్యాంప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు. ముందు పేరయ్యని తిట్టాడు. తర్వాత నా వైపు తిరిగి నవ్వబోయాడు.

"అది వాస్తు దోషం అమ్మా. నైరుతిలో గొయ్యి ఉంటే యజమానికి అరిష్టమని సిద్ధాంతిగారు గట్టిగా చెప్పారు. అప్పట్లో నా ఆరోగ్యం కూడా బాగుండేది కాదు. దసరా పూజనాడు మంచి ముహూర్తం చూసి పూడ్పించాం. యజమాని స్వహస్తాలతో పేరు రాయాలంటే రాశాను."

"నాన్నకి చెప్పారా?" అన్నాను.

"చెప్పకుండా ఎలా చేస్తానమ్మా? పక్కనే ఉన్నాడు మీ నాన్న. కొబ్బరికాయ కూడా తనే కొట్టాడు."

పేరయ్య గబగబా బయటికి వెళ్ళిపోయాడు. అడిగితే, ఆ రోజు తను సెలవులో ఉన్నానంటాడు. భయమో, నిజమో తెలియదు.

అత్తా, నానమ్మ పోయింది ఆ దసరా రోజుల్లోనే కదూ? నేను అప్పుడు పుణె హాస్టల్లో కరోనాతో మంచం మీద ఉన్నాను. చివరి చూపుకి కూడా రాలేకపోయాను. తారీఖులు నాకు సరిగా గుర్తులేవు. ఆ రోజు నాన్న ఎక్కడున్నాడు? నిజంగా కొబ్బరికాయ కొట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆపేస్తాను. కొట్టలేదంటే చెప్పు.

ఒకటి మాత్రం నన్ను తినేస్తోంది. ఈ సంగతి నాలోనే దాచుకుంటే ఇంకో నెలలో అతని పని అయిపోతుంది. నేను కోరుకున్నది అదే. కానీ అప్పుడు నాన్న చెయ్యి వణికిందన్న మాట అలాగే ఉండిపోతుంది. నిజం రాస్తే నాన్న పేరు తేటపడుతుంది, కానీ వీడు బతికిపోతాడు. సిమెంటు పగలగొట్టి సందు మళ్ళీ తెరిస్తే వారంలో మిషను బాగుపడుతుంది. వీణ్ణి నా చేత్తో నేనే గట్టెక్కించాలా?

ప్రత్యూష


రేపల్లె,
సెప్టెంబరు 5.

ప్రత్యూషా,

నీ ఉత్తరం ఏంజెల్ టీచరు ఇంట్లోనే నిలబడి చదివాను.

మా అమ్మ పోయింది మహాలయ అమావాస్యకి ముందురోజు. విజయదశమి నాటికి పదకొండో రోజు. ఆ పదకొండు రోజులూ మీ నాన్న కర్త. మైలలో ఉన్నాడు, ఈ ఇంటి గడప దాటలేదు. కొబ్బరికాయ కొట్టడమట! మైలలో ఉన్నవాడు పూజలో కొబ్బరికాయ ఎలా కొడతాడే? ఆయుధపూజ జరిగే షెడ్డు దరిదాపులకి కూడా పోకూడదు కదా. ఆ సంగతి వాడికీ తెలుసు. మీ నాన్న రాలేడని తెలిసే ఆ రోజు పెట్టుకున్నాడు. ఉంటే సందు పూడ్చనివ్వడని తెలుసు.

ఇంకోటి విను. మర్నాడు, పన్నెండో రోజు, శ్యాంగాడు భోజనానికి వచ్చాడు. పెరట్లో కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు ఇచ్చింది నేనే. వాడి పాదాల మీద, గోళ్ళ సందుల్లో సిమెంటు మరకలున్నాయి. ఎంత రుద్దినా పోవడం లేదు. "ఇంటి దగ్గర చిన్న మరమ్మతు అక్కా" అన్నాడు. నేను ఇంకో చెంబు నీళ్ళు తెచ్చి పోశాను. తర్వాత వాడు మీ నాన్న భుజం మీద చెయ్యి వేసి, "అమ్మ పోయిన బాధ మనకి తప్పదురా నరసింహం" అని కళ్ళు తుడుచుకున్నాడు. నా చేతి గారెలు అడిగి మరీ వేయించుకున్నాడు.

వాడికి వాస్తు పిచ్చి ఉంటే ఉండనీ. గొయ్యి పూడిస్తే ఇలా అవుతుందని తెలియలేదంటే సరే, అదీ ఒప్పుకుంటాను. కానీ మీ నాన్న ఫోను చేసి అడిగినప్పుడు అమ్మతోడు అన్నాడు చూడు, ఆ అబద్ధాన్ని మాత్రం నేను చచ్చేదాకా క్షమించను. తన తప్పు బయటపడుతుందని మీ నాన్న చేతికి వణుకు అంటగట్టాడు.

నువ్వడిగినదానికి నా జవాబు ఇది. వాణ్ణి ముంచకు. నేనేదో దయతో చెబుతున్నాననుకునేవు, నాలో దయా దాక్షిణ్యం ఏమీ లేవు. మునిగిపోయినవాణ్ణి చూసి లోకం జాలిపడుతుంది. పాపం శ్యాంప్రసాద్, పాత పార్ట్‌నరు పాడుచేసిన పేరు మళ్ళీ నిలబెట్టుకోలేకపోయాడు అంటారు. అప్పుడు కూడా నింద మీ నాన్నకే. వాడు బతకాలి. ఆ షెడ్డులోనే, ఆ పనివాళ్ళ మధ్యే, అందరికీ నిజం తెలిసి బతకాలి. రోజూ గేటు తీసినప్పుడల్లా వాడికి అది గుర్తుకు రావాలి.

రాసెయ్యి. తారీఖుతో సహా రాయి. వాడి పేరు ఉన్న ముక్క మాత్రం పగలనివ్వకు. అది నాకు కావాలి.

మీ అత్త


తెనాలి,
సెప్టెంబరు 27.

అత్తా,

అయిపోయింది. అన్నీ వరసగా చెబుతాను.

రిపోర్టు పంపబోతున్నానని తెలిసి శ్యాంప్రసాద్ తెనాలి వచ్చాడు. నా ఆఫీసులో బత్తాయిల సంచి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"సందు పూడ్చిన మాట రాయమ్మా, తప్పులేదు. పగలగొట్టించేస్తాను. ఆ తారీఖు ఒక్కటి ఎందుకు? ఎప్పుడో పూడ్చారు అని రాస్తే చాలదా? పాత గొడవలు తవ్వుకుంటే ఎవరికి లాభం?"

"ఆ రోజు నాన్న మైలలో ఉన్నాడండి" అన్నాను.

అతను బత్తాయిల సంచి మూతి ముడి వేసి, విప్పి, మళ్ళీ ముడి వేశాడు. "నీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

"పన్నెండో రోజున మీ కాళ్ళకి నీళ్ళు పోసిన మనిషి."

లేచి వెళ్ళిపోయాడు. బత్తాయిలు వదిలేశాడు. కింద టీకొట్టు వాళ్ళకి ఇచ్చేశాను.

రిపోర్టు మొదటి వాక్యం ఇలా రాశాను: "వణికింది నేల, పనివాడి చెయ్యి కాదు." మా పనిలో ఎవరూ అలా రాయరు. రాయకుండా ఉండలేకపోయాను. కింద గచ్చు గీత, మిషను గీత, పక్కపక్కన రైలు టైములు, సిమెంటు ఫోటో, తారీఖు. పాత పాడైన బ్రాకెట్ల మీది అలలు కూడా కొలిచి చూపించాను. ఆ సిమెంటు పోయకముందరి సరుకులో ఒక్కటంటే ఒక్క అల లేదు, తర్వాతి దాంట్లో అన్నిటి మీదా ఉన్నాయి.

పోయిన సోమవారం బెంగళూరు నుంచి ఇంజనీరు వచ్చాడు. నాలుగేళ్ళ కిందట వచ్చినాయనే. ఆయన తెలుగువాడే, అనంతపురం వైపు. అందర్నీ మిషను దగ్గరికి పిలిచి, రిపోర్టు తనే చదివాడు. చదివి, కాగితం మడిచి, "ఆ రోజు ఇక్కడే నిలబడి నరసింహంగారి చెయ్యి వణుకుతోందని చెప్పారు మీరు. నేను నమ్మాను" అన్నాడు. శ్యాంప్రసాద్ ఏదో అనబోయాడు. పేరయ్య ముందుకొచ్చి, "ఆ రోజు నేను సెలవులో లేనండి. సిమెంటు కలిపింది నేనే. అయ్యగారు చెప్పొద్దన్నారు" అన్నాడు. ఇన్నాళ్ళూ తల ఎందుకు వంచుకున్నాడో అప్పుడర్థమైంది. అతన్ని కూడా క్షమించాలనిపించలేదు నాకు.

కంపెనీ ఒక షరతు పెట్టింది. సందు మళ్ళీ తవ్వించాలి. తవ్వాక నరసింహంగారు స్వయంగా వచ్చి చూసి సరే అంటేనే కొత్త సరుకు తీసుకుంటారు. ఆయన్ని పిలుచుకొచ్చే బాధ్యత శ్యాంప్రసాద్‌దే. అంటే మన రేపల్లె రావాలి, మన గుమ్మం ఎక్కాలి, నాన్నని అడగాలి. ఇంజనీరు ఆ మాట అన్నప్పుడు నేను అతని మొహమే చూస్తున్నాను. నాలుగేళ్ళ ఆకలి తీరినట్టయింది.

ఇక నువ్వడిగిన ముక్క. కట్టరుతో జాగ్రత్తగా కోయించాను. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు. పేరు, తారీఖు చెక్కుచెదరలేదు. రేపు ట్రాలీ ఆటోలో పంపుతున్నాను. దాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. నాన్నకి కూడా ఇక నువ్వే చెప్పాలి. నాకు నోరు రావడం లేదు.

ప్రత్యూష


రేపల్లె,
అక్టోబరు 9.

ప్రత్యూషా,

ఈ ఉత్తరం వెనకా ముందూ చూసుకోకుండా మా హాల్లోనే కూర్చుని రాస్తున్నాను. మీ నాన్న ఎదురుగా ఉన్నాడు. నీకు రాస్తున్నానని చెప్పాను. నీ ఉత్తరాలన్నీ పప్పు డబ్బా కింద నుంచి తీసి ఇచ్చేశాను. రెండు పూటలు కూర్చుని చదివాడు. చివరి దాంట్లో నువ్వు రిపోర్టు మొదటి వాక్యం రాశావు చూడు, అక్కడ వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

పలక వచ్చింది. దాన్ని పగలగొట్టి పెంటకుప్పలో వేయించాలని నా ఆలోచన. మీ నాన్న అడ్డు చెప్పాడు. "దీనికి పని ఉందక్కా" అన్నాడు. అటక మీద సంచి దింపి, నాలుగేళ్ళుగా ముట్టుకోని తన రసమట్టం తీశాడు. పెరట్లో పంపు దగ్గర, మనం కాళ్ళు కడుక్కునే చోట మట్టి తవ్వి, ఇసుక పరిచి, ఆ పలక వేశాడు. అక్షరాలు పైకి వచ్చేట్టు వేశాడు. నీళ్ళు కాలవలోకి పోయేలా కొంచెం వాలు పెట్టి, రసమట్టం ఆనించి ఎన్నిసార్లు చూసుకున్నాడో. నేను కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. నోట్లో నాలుక లేని తమ్ముడనుకున్నాను ఇన్నేళ్ళూ. వీడి కడుపులో కూడా ఇంత నిప్పు ఉందని నాకు తెలియదు.

విజయదశమి మర్నాడు శ్యాంగాడు వచ్చాడు. పండ్లు, పంచెల చాపు, పెద్ద పళ్ళెం. గుమ్మంలో నన్ను చూసి చేతులు జోడించాడు. "అక్కా, నరసింహం ఉన్నాడా" అన్నాడని పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పెరటి వైపు చూపించాను.

మీ నాన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. పంపు కింద పెద్ద రాగి చెంబు పెట్టి అంచు దాకా నింపాడు. ఇంకొక్క చుక్క పడితే పొర్లిపోయేంతగా నింపాడు. దాన్ని ఒక్క చేత్తో ఎత్తుకుని, పెరడంతా దాటి, శ్యాంగాడి ముందుకి తెచ్చాడు. నా కళ్ళు ఆ చెంబు మీదే ఉన్నాయి. ఒక్క చుక్క కింద పడలేదు ప్రత్యూషా. నీళ్ళు కదలను కూడా కదలలేదు.

"కాళ్ళు కడుక్కో శ్యాం" అన్నాడు. అది నేను పెదవులు చూడకపోయినా తెలుసుకునేదాన్ని.

వాడు చెప్పులు విడిచి అలవాటుగా అడుగు వేయబోయి, కిందికి చూశాడు. తన పేరు చూశాడు. తన చేత్తో, ముహూర్తం చూసి రాసుకున్న పేరు. కాలు గాల్లోనే ఆగిపోయింది. వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి ఎలా వస్తాడు? కడుక్కోవాలంటే నిలబడడానికి వేరే చోటు లేదు. మీ నాన్న చెంబు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తొందరపెట్టలేదు. చెయ్యి వణకలేదు. చివరికి శ్యాంగాడు ఆ పేరు మీద రెండు పాదాలూ పెట్టి నిలబడి, తల వంచుకుని, నీళ్ళు పోయించుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుంటాను. నాకు చెవులు లేనందుకు ఆ ఒక్క నిమిషం చాలా బాధపడ్డాను. ఆ ఏడుపు వినాలని ఉండింది.

భోజనం పెట్టాను. గారెలు చెయ్యలేదు.

బాపట్ల వచ్చి సందు చూడమని అడిగాడు. మీ నాన్న ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు. ఎన్నాళ్ళు ఆలోచిస్తాడో నేను అడగను. నువ్వూ అడగకు. నిన్న పొద్దున మాత్రం అద్దం ముందు నిలబడి గడ్డం తనే గీసుకున్నాడు, ఎక్కడా తెగలేదు.

నేను రోజూ కాళ్ళకి పసుపు రాసుకుని ఆ పలక మీదే కడుక్కుంటున్నాను. నువ్వు వచ్చినప్పుడు నీకూ అక్కడే నీళ్ళిస్తాను. తీరిగ్గా కడుక్కుందువుగాని.

మీ అత్త
కుసుమకుమారి